తూకానికి ముందే మసాలా పట్టిన చేప

మొన్న శుక్రవారం అబూ హలీఫా సముద్రం ఒడ్డున నేను చేసిన ఘనకార్యం ఈపాటికి మీ రూముదాకా వచ్చే ఉంటుంది. వచ్చినా సరే, అసలు మనిషి నోటితో ఒకసారి వినండి. ఎందుకంటే బయట తిరుగుతున్న కథలో సగం అబద్ధం. నేను చేప కడుపును సూదీదారంతో కుట్టానంటున్నారు. ఒట్టు, కుట్టలేదు. రెండు పుల్లలు గుచ్చానంతే!

టీ పోసుకోండి, మొదటి నుంచి చెప్తా.

పదకొండేళ్లుగా ఒకే కువైటీ ఇంట్లో వంటమనిషిగా ఉన్నానని మీకు తెలుసు. నాకు వీసా ఇచ్చిన కఫీల్‌ని, ఆ ఇంటి యజమానిని, బాబా అంటాను, ఆయన భార్యను మామా అంటాను. బాబాకు డెబ్భై దాటాయి. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. కానీ వాటన్నిటికంటే పెద్ద జబ్బు చేపల పందెం. ఏటా జనవరి చలిలో ఆయనా ఆయన స్నేహితులూ సముద్రం ఒడ్డున పందెం పెట్టుకుంటారు. జట్టుకు ఇద్దరు. ఒకరు పెద్దాయన, ఇంకొకరు ఆయన ఇంట్లో పనిచేసే మనిషి. జట్టుకు రెండు గాలాలు. పొద్దున ఏడింటి నుంచి పదకొండింటి దాకా ఎన్ని పడితే అన్ని. ఆ తర్వాత అందరూ జుమ్మా నమాజుకు పోయి వస్తారు, వచ్చాక తూకం. చేప సముద్రంలోంచి ఎలా వచ్చిందో అలాగే కాటా ఎక్కాలి. ఎవరి చేపల బరువు ఎక్కువైతే వాళ్లకు ఒక పాత ఇత్తడి కాఫీ కూజా. అంతే బహుమానం!

ఆ కూజా మూడేళ్లుగా అబూ నాసర్ ఇంట్లో ఉంది. అబూ నాసర్ ఎవరనుకున్నారు? మామాకు సొంత తమ్ముడు, బాబాకు బావమరిది. బాబా వాళ్లింటికి పోయినప్పుడల్లా ఆయన వేరే కూజాలన్నీ పక్కనబెట్టి పనిగట్టుకుని అందులోంచే కాఫీ పోస్తాడు. పోసి, "రుచి ఎలా ఉంది?" అంటాడు. బాబా ఇంటికొచ్చి ఆ కోపమంతా నా సూపులో ఉప్పు మీద చూపిస్తాడు.

ఇక నా సంగతి. మా రేణుక రాయచోటిలో టిఫిన్ సెంటర్ పెడుతోంది. నాలుగేళ్లుగా అనుకుంటున్న మాట. ఈసారి బస్టాండు పక్క సందులో గది దొరికింది. పెద్ద పెనం తెప్పించింది. బోర్డు కూడా రాయించింది. ముహూర్తం మార్చి మొదట్లో వచ్చింది. "మొదటి దోశ నువ్వే తినాల. నువ్వు తినందే ఇంకొకరికి పెనం మీద పిండి పొయ్యను" అని కూర్చుంది. పెళ్లాం అంత ముచ్చటపడి ఒక్క కోరిక కోరితే కాదనడానికి నోరెలా వస్తుంది? కానీ మార్చి మొదట్లో రంజాన్! ఈ దేశంలో రంజాన్ నెలలో ఎవరికి సెలవు దొరికినా వంటమనిషికి దొరకదు. అడిగినా తప్పే.

తప్పే చేశాను. డిసెంబరులో ఒకరోజు బాబా మంచి మూడ్‌లో ఉన్నాడని చూసి అడిగేశాను. బాబా టీవీ కట్టేసి నావైపు తిరిగాడు.

"ఓబీ" అన్నాడు. ఓబులేసు అనే పేరు ఆయన నోట్లో పట్టలేదు, మొదటి రోజే ఓబీతో సరిపెట్టుకున్నాడు. "ఈసారి పందెంలో నా జట్టులో నువ్వుండు. కూజా ఇంటికొస్తే రంజాన్‌లో పది రోజులు ఊరికి పో. వల్లా, దేవుడి తోడు, నా మాట."

"బాబా, నాకు గాలం వెయ్యడం రాదు. మాది నీళ్లు లేని సీమ."

"పదకొండేళ్లుగా రోజూ చేపను చేత్తో పట్టుకుంటున్నావు. చేప సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

అవన్నీ చచ్చిన చేపలు బాబా అని ఎలా చెప్పను! పది రోజుల సెలవు కళ్లముందు ఆడుతోంది. తల ఊపేశాను.

నిజానికి మా ఇంట్లో చేప సంగతి తెలిసినవాడు వేరే ఉన్నాడు. డ్రైవర్ సత్తిబాబు. అమలాపురం అవతల కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి. పోయినేడు బాబా జట్టులో వాడే. చలికి దుప్పటి కప్పుకుని కునుకు తీశాడు, చేప వచ్చి గాలంతో సహా లాక్కుపోయింది. అప్పటి నుంచి వాడు డ్రైవింగ్‌కే పరిమితం. అయినా మనసులో ఏమీ పెట్టుకోకుండా, పందేనికి రెండ్రోజుల ముందు వంటగదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుని నాకు క్లాసు తీసుకున్నాడు.

"చలికాలం చేప వేరండి ఓబులేసు గారూ. దానికి ఒంట్లో ఓపికుండదు, ఆకలీ ఉండదు. మీరు పెద్ద ఎర పెట్టారనుకోండి, చూసి అటు తిరిగి పడుకుంటాది. గోరంత పెట్టాలండి. సన్న దారం, చిన్న కొక్కెం. నీళ్లలో మేత జల్లేటప్పుడు కూడా చిటికెడు చిటికెడు జల్లాలి గానీ పెళ్లిభోజనం పెట్టేయకూడదు. దాని కడుపు నిండిపోతే ఇంక మీ ఎర ఎవడు ముడతాడండి?"

"సరే."

"అడుగున ఉంటాదండి ఈ చలికి. ఎరని అడుక్కంటా దింపేయండి. ఎండెక్కేదాకా ఏమీ పడదు. పడకపోయినా చోటు మార్చొద్దు. చేతికి గ్లౌజులేసుకోవద్దు, వేలికి తెలీదు. ఇప్పుడది గట్టిగా లాగదండీ, ఊరికే అలా ముట్టుకున్నట్టుంటాది. ఆ ఇంకోటి. ఎర రొయ్యలు మంచుగడ్డలా ఉంటే వాసన రాదు. కోటు లోపలి జేబులో పెట్టుకుని ఎచ్చగా ఉంచండి."

వంటల కొలతలు రాసుకున్నట్టు అన్నీ చీటీ మీద రాసి ఫ్రిజ్‌కు అతికించాను. పని చేస్తూ చేస్తూ రెండ్రోజుల్లో బట్టీపట్టేశాను. పరీక్షలకు ఇంత చదివి ఉంటే నేను ఈ దేశమే వచ్చేవాణ్ని కాదు.

శుక్రవారం పొద్దున ఒడ్డుకు చేరేసరికి ఏం చలి, ఏం గాలి! పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అల్ రాయ్ సంతలో కొన్న సెకండ్‌హ్యాండ్ కోటు వేసుకున్నాను, లోపలి జేబులో అరకిలో రొయ్యలు. సత్తిబాబు చెప్పినట్టే వెచ్చగా ఉన్నాయి. వెచ్చగా ఉన్న రొయ్యలు ఏం వాసన కొడతాయో వాడు చెప్పలేదు! పావుగంటలో ఒడ్డున ఉన్న పిల్లులన్నీ నా వెనకే. నేను కూర్చుంటే కూర్చుంటాయి, లేస్తే లేస్తాయి. ఆరు పిల్లులు. అబూ నాసర్ దూరం నుంచే చూసి, "మీ జట్టులో ఎనిమిది మంది ఉన్నట్టున్నారే!" అని అరిచాడు.

విజిల్ వేశారు. మొదట మేత జల్లాలి. బకెట్లో రొయ్యల పొట్టూ చేపముక్కలూ కలిపి తెచ్చాను. చిటికెడు చిటికెడు అని నోటితో అనుకుంటూనే ఉన్నాను. కానీ నా చెయ్యి వంటమనిషి చెయ్యి. పదకొండేళ్లుగా పదిమంది తినే చోట పాతికమందికి వడ్డించిన చెయ్యి. చిన్న గరిటె తీసుకుని ఒకటి వేశాను. మరీ బాగుండదనిపించింది. ఇంకోటి వేశాను. తర్వాత చూస్తే బకెట్ ఖాళీ.

"ఓబీ! చేపలకు దావత్ ఇస్తున్నావా?" అని బాబా తల పట్టుకున్నాడు. వెనక కారు దగ్గర నుంచి సత్తిబాబు, "చిటికెడన్నానండీ, చిటికెడూ!" అని గోల.

ఏడున్నర. ఎనిమిది. ఎనిమిదిన్నర. మా గాలాలు దండెం కర్రల్లా నిలబడి ఉన్నాయి. నీళ్లలో చేపలన్నీ మా ఖర్మానికి కడుపునిండా తిని పడుకున్నాయి. అటు అబూ నాసర్‌కు రెండు పడ్డాయి, ఆయన వంటమనిషి బంగ్లాదేశీ ఈల వేస్తున్నాడు. తొమ్మిదింటికి అబూ నాసర్ ఫ్లాస్కుతో వచ్చి బాబాకు కాఫీ ఇచ్చాడు. "వచ్చే ఏడు కూడా నా కూజాలోనే తాగుదువులే" అని భుజం తట్టి పోయాడు.

బాబా ముఖం మాడిపోయింది. "లే ఓబీ, యల్లా, ఆ రాళ్ల దగ్గరికి మారదాం" అన్నాడు.

చూడండి, పదకొండేళ్లలో నేను బాబా మాటకు ఎదురు చెప్పింది లేదు. ఉప్పు తక్కువన్నప్పుడు కూడా, నా నాలుకకు సరిపోయినా సరే, ఇంకొంచెం వేశాను. కానీ ఆ రోజు మాత్రం, "వద్దు బాబా. ఎండ రానీ. చోటు మార్చొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బాబా నన్ను ఎగాదిగా చూసి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

గ్లౌజులు తీసేశాను. వేళ్లు కొయ్యముక్కలైపోయాయి. కాసేపు టీగ్లాసు పట్టుకుని, కాసేపు చంకలో పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలు మీదుగా దారం పోనిచ్చి కూర్చున్నా. గోరంత రొయ్యముక్క, అడుక్కంటా. పదింటికి మబ్బు తొలగి ఎండ నీళ్ల మీద పడింది. ఇంకో పావుగంట. అప్పుడు... వేలికి ఏదో తగిలినట్టు. చీమ నడిచినట్టు. మళ్లీ!

లాగాను.

అయ్యబాబోయ్, అటు నుంచి ఎవరో నన్నే లాగారు! రాడ్డు విల్లులా వంగింది. బాబా కుర్చీలోంచి లేచాడు, ఆ మోకాళ్లతో అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "వదలకు! వదులు! వదలకు!" అని అరుస్తున్నాడు, ఏది చెయ్యాలో అర్థం కాదు. సత్తిబాబు పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకున్నాడు. పది నిమిషాలు గుంజుకున్నాం. చివరికి ఒడ్డుకు వచ్చి పడింది. సబైతీ! వెండిలా మెరుస్తూ, నా మోచేతి నుంచి వేళ్లదాకా కాదు, ఇంకా పొడుగు. ఇక్కడి వాళ్లు సబైతీ అంటే ప్రాణం ఇస్తారు. ఎత్తి చూశా. నా చెయ్యి కాటాకు తక్కువేం కాదు, నాలుగు కిలోలకు తగ్గదు.

బాబా నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. కళ్లల్లో నీళ్లు.

పదకొండుకు విజిల్ వేశారు. అందరూ వచ్చి మా చేపను చూశారు. అబూ నాసర్‌కు నాలుగు చేపలున్నాయి గానీ అన్నీ కలిపినా మూడున్నర, అంతకు కొంచెం పైన. ఆయన గడ్డం నిమురుకున్నాడు. బాబా నమాజుకు బయల్దేరుతూ నాకు ఒకే ఒక్క మాట చెప్పాడు. "ఓబీ, చేప దగ్గరే ఉండు. ఎవరినీ ముట్టనివ్వకు."

ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ మాట మీద నిలబడ్డాను, ఒక్క నేను తప్ప.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం మా బాబా కొడుకులూ కోడళ్లూ మనవళ్లూ అందరూ భోజనానికి వస్తారు. చేప ఖాయం. మామాకు పొలుసు కనబడకూడదు, వాసన రాకూడదు. అందుకని వెనక దొడ్లో కుళాయి దగ్గర కడగాలి. టైము కూడా మామా పెట్టిందే. జుమ్మా అజాన్ వినిపించగానే చేప కడిగి మసాలా పట్టించాలి. నమాజు అయిపోయి కార్లు వచ్చేసరికి నూనెలో ఉండాలి. పదకొండేళ్లు, వారానికొకసారి. లెక్క మీరే వేసుకోండి.

పైగా ఆ రోజు తూకం తర్వాత ఒడ్డునే అందరికీ నేను వండిపెట్టాలి. కాబట్టి నా పక్కనే నా కత్తి, నా పలక, ఉప్పు, కారం, పసుపు, నిమ్మకాయలు, ఉల్లిపాయలు, కొత్తిమీర. అన్నీ నా సరంజామానే. సత్తిబాబు గ్యాస్ సిలిండర్ తేవడానికి పోయాడు. నేనూ, చేపా, ఆరు పిల్లులూ.

ఆనందం ఆపుకోలేక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రేణుకకు ఫోన్ కొట్టాను.

"గెలిచినాం మే! నాలుగు కిలోల చేప! ఇంగ సెలవు దొరికినట్టే."

"నిజంగానా? ఒట్టు?"

"ఒట్టు. మొదటి దోశ నాదే."

దాని సంతోషం చూడాలి! అత్తమ్మను పిలిచి చెప్పింది, పక్కింటి వాళ్లకు చెప్పింది, మళ్లీ ఫోన్లోకి వచ్చింది. పెనం ఎంత వెడల్పుందో, చట్నీ గిన్నెలు ఎన్ని కొన్నదో, ఉగ్గాని ఎన్ని గంటలకు మొదలుపెట్టాలో ఒక్కటొక్కటే చెప్తోంది. నేను ఊఁ కొడుతున్నాను. ఎండ వీపు మీద హాయిగా ఉంది. మసీదు నుంచి అజాన్ మొదలైంది. మీకు తెలుసు కదా, మనం ఇక్కడ ఫోన్ మాట్లాడేటప్పుడు ఖాళీగా కూర్చోం. మాట ఊళ్లో ఉంటుంది, చేతులు ఇక్కడ పనిలో ఉంటాయి.

"అదేంది గరగరా అని సౌండు?" అంది రేణుక.

"ఏంల్యా, పొలుసు గీకుతాండా. నువ్వు చెప్పు."

చెప్పింది. కుర్చీలు ప్లాస్టిక్‌వి చాలా, స్టీల్‌వి కావాలా అని అడిగింది. ప్లాస్టిక్‌వే చాలన్నాను. ఇడ్లీకి గుడ్డ వెయ్యాలా, నూనె రాయాలా అని అడిగింది. గుడ్డే అన్నాను. చాలా సేపు మాట్లాడుకున్నాం.

"ఇప్పుడేం చేస్తాండావు?"

"గాట్లు పెట్టి ఉప్పూ కారం పట్టిస్తాండా."

అటు ఇడ్లీల లెక్క ఆగిపోయింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఏ చేపకి?"

కిందికి చూశాను.

నా ముందు పలక మీద సబైతీ. పొలుసు లేదు. మొప్పలు లేవు. కడుపు శుభ్రంగా చీరి, పేగులు తీసి, కడిగి, అటు మూడు ఇటు మూడు గాట్లు, ఒళ్లంతా పసుపూ కారం. పదకొండేళ్లలో నేను చేసిన వాటిలో అంత నీటైన పని ఇంకొకటి లేదు.

"మే, పెట్టెయ్ ఫోన్" అన్నాను.

మొదట పేగుల కోసం వెతికాను. ఎందుకో నాకే తెలీదు, మళ్లీ లోపల పెట్టేద్దామనుకున్నానేమో! పక్కకు చూస్తే ఆరు పిల్లులు వరసగా కూర్చుని మూతులు నాక్కుంటున్నాయి. మా పది రోజుల సెలవు వాటి కడుపులో ఉంది.

అప్పుడే సత్తిబాబు సిలిండర్ దింపి ఇటు తిరిగాడు. చూశాడు. సిలిండర్ మీదే కూలబడ్డాడు.

"చంపేశారండీ బాబూ! నేను గాలం పోగొడితే ఏడాదంతా తిట్టారు కదండీ అందరూ... మీరు పట్టిన చేపని వేపుడుకి రెడీ చేసేశారేటండీ!"

"సత్తీ, తర్వాత తిట్టు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

కాటా మీద పెట్టి చూశాం. మూడు కిలోల నాలుగొందలు. అబూ నాసర్‌వి మూడు కిలోల ఆరొందలు, పోయేముందు వాళ్ల బంగ్లాదేశీ దొంగచాటుగా తూచుకుని మాకు చెప్పే పోయాడు. పిల్లులు తిన్నంత తేడా.

ముందు మసాలా కడగాలి. సముద్రం నీళ్లలో ముంచి రుద్దాం. కారం పోయింది. పసుపు పోతుందా? పోదు! వెండి చేప కాస్తా కామెర్లొచ్చినట్టు పచ్చగా తయారైంది. ఇసకతో రుద్దాను. ఇసక అంటుకుంది, పసుపూ ఉంది.

"బరువు సంగతి చూడండి ముందు" అన్నాడు సత్తిబాబు. "సీసం గుండ్లు కుక్కేద్దామా?"

"మోసం వద్దప్పా!"

"మరేం కుక్కుతారండి?"

ఇక్కడ మళ్లీ నా చెయ్యే ముందు కదిలింది. కడుపు ఖాళీగా ఉన్న చేపలో కువైట్ వాళ్లు ఏం పెడతారు? ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. చకచకా కోసి కూరాను. సీసం పెడితే మోసం, ఉల్లిపాయ పెడితే వంట. ఆ క్షణంలో నా బుర్ర అలాగే పనిచేసింది. కడుపు మూసి పళ్లు కుట్టుకునే పుల్లలు రెండు గుచ్చి, లోపలికి నొక్కేశాను. కాటా పెట్టాం. మూడు కిలోల తొమ్మిదొందలు! సత్తిబాబు కూడా ఒక్క క్షణం ఆశపడ్డాడు. చేపను తట్టలో పెట్టి, మీద తడిగోనె కప్పి, ఇద్దరం దేవుణ్ని తలుచుకున్నాం.

కార్లు వచ్చాయి. కాళ్లదాకా జారే తెల్ల దిష్‌దాషాల్లో పెద్దమనుషులు దిగారు. బాబా నవ్వుతూ అందరికంటే ముందు. అబూ నాసర్ చేపలు తూచారు, మూడు కిలోల ఆరొందలు. తర్వాత బాబా, "ఓబీ, తీసుకురా" అన్నాడు, సింహాసనం ఎక్కబోతున్నట్టు.

గోనె తీశాను. అందరూ వంగి చూశారు.

"పొద్దున ఇది తెల్లగా ఉన్నట్టు గుర్తు" అన్నాడు ఒక పెద్దాయన.

"ఎండ తగిలింది" అన్నాను.

"ఈ గాట్లు?"

"రాళ్లు గీసుకున్నాయి."

"రెండు వైపులా, మూడేసి?"

బాబా ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతోంది. అయినా చేపను కొక్కేనికి తగిలించారు. మూడు కిలోల తొమ్మిదొందలు. "గెలిచాం!" అని బాబా చెయ్యెత్తాడు. చేప గాల్లో ఊగింది. ఒక పుల్ల జారింది. కడుపులోంచి ఉల్లిపాయ చక్రం ఒకటి మెల్లగా బయటకు వచ్చి, దొర్లుకుంటూ పోయి, అబూ నాసర్ చెప్పు దగ్గర ఆగింది.

ఆయన వంగి తీశాడు. ఎండకు ఎత్తి చూశాడు. వాసన చూశాడు.

"ఓబీ, ఈ చేప సముద్రంలో ఏ హోటల్‌లో భోంచేసిందో కాస్త కనుక్కో" అన్నాడు.

ఇక దాచడానికేముంది? వెనకే కొత్తిమీర వచ్చింది, నిమ్మకాయ వచ్చింది. బాబా నా దగ్గరకు వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎందుకు ఓబీ?" అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "బాబా, శుక్రవారం... అజాన్ వినిపించింది... ముందర చేప ఉంది..." అన్నాను. అంతకంటే నా దగ్గర కారణం లేదు.

బాబా చేపను చూశాడు, నన్ను చూశాడు. పదకొండేళ్ల శుక్రవారాలు గుర్తొచ్చాయో ఏమో, మూతి వంకర తిరిగింది. భుజాలు ఊగాయి. ఒక్కసారిగా పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే అబూ నాసర్ నవ్వాడు, ఆయన నవ్వితే అందరూ. ఒక పెద్దాయన నవ్వలేక ఇసకలో కూర్చుండిపోయాడు. అప్పటికప్పుడే ఫోన్ చేసి మామాకు చెప్తే, "నా పద్ధతి ఎక్కడున్నా మర్చిపోలేదు, చూశారా!" అని ఆమె గర్వపడిందట.

కూజా నాలుగో ఏడు కూడా అబూ నాసర్‌దే. నేను కళ్లు తుడుచుకుని, ఎలాగూ తయారుగా ఉంది కదా అని ఆ సబైతీనే పెనం మీద వేశాను. బాధంతా వంట మీద పెట్టాను. అదే కొంప ముంచింది! తిన్నవాళ్లు వేళ్లు నాకారు. అబూ నాసర్ తల ముక్క తింటూ, "వల్లా, ఇలాంటి చేప నా జన్మలో తినలేదు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు మేమందరం మీ ఇంటికే" అన్నాడు. బాబాకు కూజా పోయిన బాధ అక్కడితో పోయింది. "అహ్లన్ వ సహ్లన్! ముప్ఫై రోజులూ రండి! ఓబీ ఎక్కడికీ పోడు" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఓడిపోతే ఒక సెలవు పోయేది. ఓడిపోయి బాగా వండినందుకు ముప్ఫై రోజులూ ఇరవై మందికి ఎక్స్‌ట్రా వంట!

సాయంత్రం గదిలోకి వచ్చి రేణుకకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఉల్లిపాయ దగ్గరికి వచ్చేసరికి అది నవ్వడం మొదలుపెట్టింది, ఆపదే! వెనక అత్తమ్మ నవ్వు కూడా వినిపిస్తోంది.

"నవ్వుతాండారా? నేను రాలేను మే. మొదటి దోశ..." అన్నాను, ముక్కు చీదుకుంటూ. నిజం చెప్తున్నా, పదకొండేళ్లలో మా ఇంట్లో ఏ మంచి జరిగినా నేను ఫోన్‌లోనే చూశాను. ఈ ఒక్కటన్నా కళ్లారా చూద్దామనుకున్నా.

అటు నవ్వు ఆగిపోయింది.

"ఏడవొద్దులేయ్యా" అంది. "ముహూర్తం పండగ అయినాకకు మార్పించుకుంటాలే. పెనం యాడికి పోతాది? నువ్వొచ్చినాకనే తెరుస్తా."

ఎంత హాయనిపించిందో! బంగారం అనుకున్నాను మనసులో. అనుకున్నది కడుపులోకి దిగేలోపలే మళ్లీ అందుకుంది.

"ఒక మాట అడుగుతా. జుమ్మా అజాన్ వినపడితే నీ చేతులు వాటంతటవే చేప కడుగుతాయంటివి కదా. మన ఇంటి ఎనకాలా మసీదుంది. ఇప్పటికి ఐదు సెలవులకు వస్తివి. ఒక్క శుక్రవారమన్నా, ఒక్క చేపన్నా కడిగినావా నువ్వు?"

ఏం కడుగుతాను! ఊళ్లో శుక్రవారం అజాన్ వినిపించే టైముకు నేను మంచం మీద కాలు మీద కాలేసుకుని, "ఏమే, చేప ఎంతసేపు?" అని కేక వేస్తుంటాను.

"అట్లనా" అంది నేను నసుగుతుంటే. "ఉదయం టిఫిన్‌తో పాటు మధ్యాహ్నం చేపల ఏపుడు కూడా పెడతాండా. బోర్డు మళ్లీ రాయిస్తా. కడిగేది నువ్వే."

మర్నాడు బాబాను అడిగితే, రంజాన్ పండగ అయ్యాక ఏప్రిల్‌లో నెల రోజులు సెలవు ఖాయం చేశాడు. ఇక్కడి నుంచి ఏం తెమ్మంటావు అని రేణుకను అడిగాను, ప్రతిసారీ అడిగినట్టే. సెంటు అనలేదు, దుప్పటి అనలేదు, చాక్లెట్లూ అనలేదు.

"నీ కత్తి నువ్వు తెచ్చుకో" అంది.